విశ్రాంతి నెరుగని దైవజనుడు: హెన్రీ మార్టిన్

ధ్యానమునకు: 1 రాజులు 19:1–8; జెకర్యా 4:1–6; మార్కు 6:30–32



హెన్రీ మార్టిన్ పేరు మన సంఘములలో పెద్దవారు చాలమంది వినియున్నారు. ఉర్దూలోను పారసీకములోను క్రొత్త నిబంధనను తర్జుమా చేసి, ముప్పదియొక్క యేండ్లకే పరదేశమున కన్నుమూసిన దైవజనుడని సండేస్కూలులో చెప్పుదుము. ప్రసంగములలో ఆయనను ఎత్తి చూపి, మీరును ఇట్లే కాలిపోవలెనని యౌవనులను పురికొల్పుదుము. ఈ నెల ఆయన కథను కొంచెము నెమ్మదిగా చదువుదము. ఆయన చేసిన పని గొప్పది, అందులో నాకు సందేహము లేదు. అయితే ఆయన తన ప్రాణముతో నడచుకొన్న తీరు మన పిల్లలకు మాదిరిగా పెట్టదగినదా అని అడుగుట తప్పు కాదు.

మార్టిన్ 1781 ఫిబ్రవరి 18న ఇంగ్లండు దేశపు నైరృతి మూల కార్నవాల్ సీమలో, ట్రూరో అను పట్టణమున పుట్టెను. తండ్రి జాన్ మార్టిన్ మొదట గనులలో కూలి చేసినవాడు. పని విడుపు గంటలలో నిద్రపోక లెక్కలు నేర్చుకొని, తరువాత ఒక వర్తకుని కచ్చేరిలో పెద్ద గుమాస్తా ఆయెను. తన్ను తాను పైకి తెచ్చుకొనుట ఆ యింటి ఆచారమని చెప్పవచ్చును. తల్లి ఆయన పసితనముననే పోయెను. ఆ కుటుంబములో క్షయరోగముండెను. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను, తరువాత పనికివచ్చును.

1797లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు వెళ్లినప్పుడు ఈ పిల్లవాడు గణితములో ఏమంత చురుకైనవాడు కాడు. యూక్లిడు రేఖాగణితమును అర్థము చేసికొనలేక కంఠస్థము చేయ ప్రయత్నించెను. కోపము కూడ ఎక్కువ. ఒకనాడు తోడి విద్యార్థిపై కత్తి విసరగా, అది గురి తప్పి గోడకు గ్రుచ్చుకొనెను. అయినను పట్టుదలతో చదివి, 1801లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయమంతటికి మొదటివాడుగా నిలిచెను. ఆ స్థానము కొరకు కుటుంబములు కుటుంబములే కలలు కనెడి కాలమది. కాని ఆ సంతోషము చూడవలసిన తండ్రి 1800 జనవరిలోనే మరణించియుండెను. కోరినది చేతికి వచ్చినప్పుడు తాను పట్టుకొన్నది నీడయే గాని వస్తువు కాదని మార్టిన్‌కు తోచెను.

తండ్రి మరణించిన దుఃఖములో ఆయన బైబిలు తెరిచెను. అపొస్తలుల కార్యములలో కథ ఉన్నదని అక్కడ మొదలుపెట్టెను. చెల్లెలు ప్రార్థనతో వెంబడించెను, కేంబ్రిడ్జిలో చార్లెస్ సిమియోను అను కాపరి ప్రసంగములు ఆయనను పట్టుకొనెను. యౌవనుడు ప్రభువు వాడాయెను. సిమియోను నోట విలియం కేరీ పనిని గూర్చి విని, అమెరికా ఆదిమవాసుల మధ్య శ్రమపడి 1747లో మరణించిన డేవిడ్ బ్రెయినార్డు జీవితము చదివి, తానును మిషనెరీగా వెళ్లుదునని నిశ్చయించుకొనెను. 1803లో అభిషేకము పొంది సిమియోనుకు సహాయ కాపరియాయెను.

సాధారణముగా మనము ఈ చోట హల్లెలూయా అని ముందుకు సాగుదుము. నేనిక్కడ కొంచెము ఆగెదను. మొదటి స్థానము మీది మోజును ఆయన విడిచెను, నిజమే. కాని పరీక్ష పెట్టు అలవాటును విడువలేదు. ఇంతవరకు విశ్వవిద్యాలయము పెట్టిన పరీక్షను ఇక తానే తన ఆత్మకు దినదినము పెట్టుకొనసాగెను. దినచర్య పుస్తకమొకటి ఉంచి, ఎన్ని గంటలు ప్రార్థించినది, ఎంతసేపు మనస్సు చెదరినది, ఎవరి మెప్పుకు లోపల పొంగినది వ్రాసికొనుచుండెను. చలికాలమున గది గడ్డకట్టునంత చల్లగా ఉన్నను, శరీరమును లోపరచుకొనవలెనని, నిప్పుకు దూరముగా నిలువబడి, చదువుచునే ఉదయపు ఆహారము తినెను. కావ్యము చదివి ఆనందించినను, బొమ్మ చూచి ఆనందించినను, ఆ ఆనందము దేవునియొద్దనుండి దొంగిలించినదేమోనని భయపడెను. పేజీ వెంట పేజీ, తాను సోమరిననియు ప్రేమలేనివాడననియు వ్రాసికొన్నాడు. ఆ పుస్తకమును చదివినవానికి, ఇది పాపపు ఒప్పుకోలా, లేక మార్కుల పట్టికయా అని సందేహము కలుగును. ఒప్పుకొన్నవానికి క్షమాపణ వినబడవలెను. మార్కుల పట్టిక మాత్రము రేపు మరల మొదటి నుండి మొదలగును.

1804లో కుటుంబపు సొత్తు పోయెను. పెండ్లికాని చెల్లెలిని పోషించవలెను గనుక మిషను సంఘము ద్వారా కాక, ఈస్టిండియా కంపెనీ చాప్లెనుగా మన దేశమునకు బయలుదేరెను. 1805లో ఓడయెక్కి, 1806 ఏప్రిలులో చెన్నపట్టణమును, మే నెలలో కలకత్తాను చేరెను. చేరిన దినములలోనే, ఇక దేవుని కొరకు కాలిపోవుదును గాక అని పుస్తకములో వ్రాసికొనెను. ఆ మాటనే మనము ప్రసంగములలో వాడుకొనుచున్నాము.

శ్రీరాంపూరులో కేరీని కలిసికొని, కొన్ని నెలలు ఆ ప్రాంతమున ఉండెను. ఈ ఇద్దరిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. కేరీయు మిక్కిలి కష్టజీవియే, ఎన్నో భాషల తర్జుమాలు నడిపినవాడే. కాని ఆయనకొక తోట ఉండెను. మొక్కలు నాటుట, విత్తనములు తెప్పించుట ఆయనకు ప్రాణము. 1820లో తోటపనికిని వ్యవసాయమునకును ఒక సంఘమునే స్థాపించెను. ఆయన 1834 వరకు, డెబ్బదిరెండేండ్లు జీవించెను. తోట వలననే ఆయుష్షు పెరిగినదని నేననను. మార్టిన్‌కు మాత్రము అట్టి తోట లేకపోయెను.

ఆ సంవత్సరము చివర ఆయనను దానాపూరుకు పంపిరి. అక్కడ సిపాయిల పటాలము, ఆసుపత్రి, దొరల ఆరాధన, హిందుస్తానీలో స్త్రీల ఆరాధన, తన జీతముతో పెట్టిన బడులు, వీటి నడుమ క్రొత్త నిబంధన తర్జుమా. ఇంగ్లండులో విడిచి వచ్చిన లిడియా గ్రెన్‌ఫెల్ అను స్త్రీని పెండ్లియాడ గోరి 1806లో ఉత్తరము వ్రాయగా, రాలేనను జవాబు 1807 అక్టోబరులో అందెను. ఉత్తరము పోయి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టిన కాలమది. తరువాత చెల్లెలు కూడ క్షయతో మరణించినదను వార్త వచ్చెను. ఇట్టి దుఃఖములలో మనుష్యుడు కొన్నాళ్లు పని ఆపి ఏడ్వవలెను. ఆయన మరింత పని పెట్టుకొనెను.

పారసీక తర్జుమాకు సబాత్ అను అరబ్బు ఆయనకు తోడైయుండెను. ఈ సబాత్ మన తెలుగు సీమకు కొంత తెలిసినవాడే. విశాఖపట్నము న్యాయస్థానములో మహమ్మదీయ ధర్మశాస్త్రమును వివరించు ఉద్యోగములో ఉండగా క్రొత్త నిబంధన చదివి, 1804లో చెన్నపట్టణమున నతానియేలను పేర బాప్తిస్మము పొందెను. (అదే విశాఖపట్నమునకు 1805లో వచ్చి తెలుగులో సువార్తలు తర్జుమా మొదలుపెట్టిన క్రాన్, డెగ్రాంజి అను లండన్ మిషను వారు 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయిరి. ఆ తరము వారిలో చాలమంది ఇట్లే పోయిరి.) సబాత్ పండితుడే గాని కోపిష్ఠి. ప్రతి మాటకు అలుగువాడు. వానితో వేగుట మార్టిన్‌కు తర్జుమా కంటె పెద్ద పనియాయెను.

1809 ఏప్రిలులో కాన్పూరుకు మార్చిరి. ఉత్తరదేశపు ఎండలు మీకు తెలియవు, మన రోహిణి కార్తెను తలచుకొనుడి. చల్లబడువరకు ఆగుమని ఎవరైనను చెప్పుదురు. ఆయన పల్లకిలో రాత్రింబగళ్లు, వడగాలిలో, దారిలో ఆగక వచ్చి, షెర్వుడ్ దొర యింటి గడపలో మూర్ఛపోయెను. ఆ యిల్లాలు రచయిత్రి, ఆయన నవ్వును పాటను మెచ్చి వ్రాసియున్నది. అవును, నవ్వెడివాడే. పసిబిడ్డలతో ఆడెడివాడే. ఆ సంగతులు ఆయన పుస్తకములో కనబడుట అరుదు. తన లోపములను లెక్కించు మనుష్యునికి తనలోని మంచి కనబడదు గదా.

కాన్పూరులో ఆదివారము సాయంకాలములందు తన ఆవరణములోనికి బిచ్చగాండ్రను పిలిచి, భిక్షము పెట్టి, వారికి బోధించెను. ఒక్కొక్కప్పుడు ఎనిమిది వందలమంది కూడిరి. రొమ్ము నొప్పితో గొంతు పెకలకపోయినను బోధించెను. ఆ బోధ విన్న షేక్ సాలిహ్, 1811లో కలకత్తాలో బాప్తిస్మము పొంది అబ్దుల్ మసీహ్ అయి, తరువాత కాపరిగా అభిషేకము పొందెను. ఇది చిన్న ఫలము కాదు. కాలిపోయినవాని చేతను దేవుడు ఫలింపజేయును. దాని వలన, కాల్చినది దేవుడేనని చెప్పుటకు మాత్రము వీలులేదు.

ఏలీయా బదరీ వృక్షము క్రింద పండుకొని చావు కోరినప్పుడు దేవుడు వానికి ప్రసంగము చేయలేదు. దూతచేత రొట్టెయు నీళ్లును పంపి, తినిపించి, మరల నిద్రపోనిచ్చి, రెండవసారి తినిపించెను. ప్రశ్నలు తరువాత వచ్చెను. శిష్యులు సేవ చేసి తిరిగి వచ్చినప్పుడు ప్రభువు వారిని మరియొక ఊరికి తరుమలేదు, ఏకాంత స్థలమునకు పిలిచెను. జెకర్యా చూచిన దీపస్తంభమునకు ప్రక్కన ఒలీవ చెట్లుండెను. మన తల్లులు నూనె దీపము పెట్టిన దినములలో ఈ సంగతి ప్రతి యింట తెలిసినదే: ప్రమిదలో నూనె ఉన్నంతసేపు మండునది నూనె. నూనె అయిపోయిన తరువాత మండునది వత్తి. వెలుగు కొంతసేపు అట్లే కనబడును, పొగ కొంచెము ఎక్కువగును.

ఇది కేవలము మిషనెరీల మాట కాదు. మన గ్రామపు పిల్లలు ర్యాంకు కొరకు హాస్టళ్లలో తెల్లవారకముందే లేచి రాత్రి వరకు చదువుచున్నారు. ఉద్యోగములు చేయు యౌవనులు సెల్‌ఫోనులో అడుగుల లెక్క, నిద్ర లెక్క చూచుకొని, నిన్నటికంటె నేడు మెరుగైతినా అని కలతపడుచున్నారు. పని వలన మనుష్యుడు ఇట్లు అణగారిపోవుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన పట్టికలో చేర్చెను. అది వ్యాధి కాదనియు, పనికి సంబంధించిన స్థితియనియు వివరించెను. సంఘములలో ఆదివారము మూడు కూటములు, వారమంతయు ఉపవాస కూటములు నడిపి, భార్యాబిడ్డలతో కూర్చుండి అన్నము తినని ఉపదేశులున్నారు. వారిని మనము మెచ్చుకొనుచున్నాము. మెచ్చుకొనుటకు ముందు వారి యింటివారిని అడుగుడి.

ఇక మార్టిన్ కథ. వైద్యులు సముద్రప్రయాణము చేయుమనగా, స్వదేశమునకు పోక, సబాత్ చేసిన పారసీకములో అరబ్బు మాటలు ఎక్కువని తప్పుపట్టిరి గనుక, దానిని సరిచేయుటకు పారసీక దేశమునకే పోయెను. కలకత్తాలో 1810లో వ్రాయించిన ఆయన చిత్రపటము సిమియోనుకు చేరగా, ఆ చిక్కిపోయిన ముఖము చూచి ఆ పెద్దాయన తట్టుకొనలేకపోయెను. సిమియోను సైతము అతిశ్రమ చేత 1807లో గొంతు పోగొట్టుకొని, చాల యేండ్లు మెల్లగా మాటలాడుచు, నడుమ నడుమ విశ్రమించుచు సేవచేసి, 1836 వరకు జీవించినవాడు.

మార్టిన్ 1811 జూనులో షిరాజు పట్టణము చేరి, మీర్జా సయ్యద్ అలీ సహాయముతో 1812 ఫిబ్రవరిలో పారసీక క్రొత్త నిబంధనను, మార్చిలో కీర్తనల గ్రంథమును ముగించెను. ఒక్క యేడాదిలోపు పని! దానిని షాహుకు స్వయముగా అందింపవలెనని తబ్రీజుకు వెళ్లి, అక్కడ జ్వరముతో వారములకొలది పడియుండెను. ఆంగ్ల రాయబారి సర్ గోర్ ఔస్లీ ఆదరించి, గ్రంథమును తానే షాహుకు అందజేసెను. అది 1815లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గులో అచ్చుపడెను. ఉర్దూ క్రొత్త నిబంధన 1814లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. రెండింటిని ఆయన చూడలేదు.

1812 సెప్టెంబరు 2న కాన్‌స్టాంటినోపులు మార్గమున ఇంగ్లండుకు బయలుదేరెను. దారి చూపు హసన్ అను తాతారువాడు కఠినుడు, జ్వరములో ఉన్నవానిని గుఱ్ఱము మీద తరిమెను. ఆశ్చర్యమేమనగా, ఇంతకాలము తన్ను తాను తరుముకొన్నవానికి ఇప్పుడు వేరొకడు తరుమువాడు దొరికెను. ఆయన వానిని ఆగుమని బ్రతిమాలుకొనెను.

అక్టోబరు 6వ తేదీన గుఱ్ఱములు దొరకలేదు. అందుచేత ప్రయాణము ఆగెను. తాను కోరక, ఎవరును ఇయ్యక, ఒక విశ్రాంతి దినము వచ్చి పడెను. మార్టిన్ ఒక పండ్లతోటలోనికి వెళ్లి కూర్చుండెను. అక్కడ దేవుని తలంచుకొనగా తనకు మిక్కిలి మాధుర్యమును సమాధానమును కలిగెననియు, ఏకాంతమున ఆయనయే తనకు తోడును స్నేహితుడును ఆదరణకర్తయు అనియు పుస్తకములో వ్రాసెను. ఆ పుట చివర మాత్రము నీతి నివసించు క్రొత్త ఆకాశమును క్రొత్త భూమియు ఎప్పుడు వచ్చునాయని అడిగెను. ఆ తరువాత పుటలు ఖాళీ. పది దినములకు, అక్టోబరు 16న, టర్కీ దేశములోని తోకాట్ పట్టణమున మరణించెను. ఎరిగినవారొకరును దగ్గర లేరు. ఆ ఊరి ఆర్మేనియా క్రైస్తవులు ఆయనను పాతిపెట్టిరి.