మెదడు కణితులకు పేర్లు పెట్టిన వైద్యుడు హార్వీ కుషింగ్

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మెదడు కణితికి శస్త్రచికిత్స అంటే రోగి బంధువులు ఆశ వదులుకోవలసిన ఘడియగానే ఉండేది. కణితి ఎక్కడుందో చూపే స్కానింగ్ యంత్రాలు లేవు. పుర్రె తెరిచాక రక్తస్రావాన్ని ఆపడం ఎలాగో సరిగా తెలియదు. ఒక్క తరంలో ఈ స్థితిని మార్చినవారిలో ప్రథముడు అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్.

1869 ఏప్రిల్ 8న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో, తరతరాలుగా వైద్యవృత్తిలో ఉన్న కుటుంబంలో ఆయన జన్మించారు. యేల్‌లో చదివి, 1895లో హార్వర్డ్ నుంచి వైద్య పట్టా పొందారు. విద్యార్థిగా ఉండగా ఆయన ఈథర్ మత్తు ఇస్తున్న రోగి ఒకరు మరణించారు. వైద్యవిద్యనే వదిలివేయాలన్నంతగా కుషింగ్ కుంగిపోయారు. తరువాత సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్నంతసేపూ రోగి నాడిని, శ్వాసను కాగితంపై నమోదు చేసే పద్ధతిని ప్రారంభించారు. 1901లో ఇటలీలోని పావియాలో రీవా-రోచీ రూపొందించిన రక్తపోటు పట్టీని చూసి, దానిని అమెరికాకు తీసుకువెళ్లారు. నేటి ఆపరేషన్ థియేటర్లలో కనిపించే మత్తుమందు చార్టుకు మూలాలు ఈ ప్రయత్నాల్లోనే ఉన్నాయి.

జాన్స్ హాప్కిన్స్‌లో హాల్‌స్టెడ్ వద్ద శిక్షణ పొందిన కుషింగ్, గురువు ఓపికను మెదడుపైకి మళ్లించారు. త్వరగా ముగించడమే నేర్పుగా భావించిన రోజుల్లో ఆయన గంటల తరబడి నెమ్మదిగా పనిచేసేవారు. 1911లో చిన్న వెండి క్లిప్పులతో రక్తనాళాలను మూయడం ప్రవేశపెట్టారు. 1926 అక్టోబరు 1న భౌతికశాస్త్రవేత్త విలియం బోవీ తయారుచేసిన విద్యుత్ పరికరాన్ని బోస్టన్‌లో తొలిసారి వాడారు. రక్తస్రావం వల్ల కొద్దిరోజుల ముందు మధ్యలోనే ఆపివేయవలసి వచ్చిన కణితిని ఈసారి తొలగించగలిగారు. చివరి సంవత్సరాలలో ఆయన చేతిలో శస్త్రచికిత్స మరణాలు నూటికి పది లోపుకు తగ్గాయి.

అదే 1926లో పెర్సివల్ బెయిలీతో కలిసి గ్లయోమాల వర్గీకరణను ప్రచురించారు. 400కు పైగా కణితులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాల స్వరూపాన్ని బట్టి విభజించి, ఏ రకం రోగి ఎంతకాలం జీవించాడో సరిపోల్చారు. కణితులన్నీ ఒకటి కావని, రకం తెలిస్తేనే భవిష్యత్తు చెప్పగలమని దీనితో స్పష్టమైంది. ఈ రచయిత దృష్టిలో ఆయన కత్తికన్నా ఈ గ్రంథమే ఎక్కువకాలం నిలిచింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన వర్గీకరణ, కణస్వరూపంతో పాటు జన్యుమార్పులను కూడా రోగనిర్ణయంలో చేర్చింది. పెద్దలలో వచ్చే గ్లయోమాలను వేరుచేయడానికి ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉందా లేదా అన్నది ఇప్పుడు కీలకం. ఆ మార్పునే లక్ష్యంగా చేసుకున్న వొరాసిడెనిబ్ మాత్రకు 2024లో అమెరికా అనుమతి లభించింది. గ్లయోబ్లాస్టోమా మాత్రం నేటికీ లొంగలేదు.

ఆ 1926వ సంవత్సరమే ఆయనకు అత్యంత కఠినమైనది. విలియం ఆస్లర్ జీవితచరిత్రకు పులిట్జర్ బహుమతి వచ్చిన ఆ ఏడాదే, యేల్‌లో చదువుతున్న పెద్దకుమారుడు విలియం కారు ప్రమాదంలో మరణించాడు. వార్త తెలిసిన ఉదయం కూడా కుషింగ్ ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సను పూర్తిచేశారు. దీనిని కర్తవ్యనిష్ఠ అనవచ్చు, ఇంటికి దూరమైన మనిషి అలవాటు అని కూడా అనవచ్చు. ఆయన సహాయకులకు ఆయన కాఠిన్యం బాగా తెలుసు. ఒకప్పటి శిష్యుడు వాల్టర్ డాండీ 1918లో మెదడు కుహరాలలోకి గాలి పంపి ఎక్స్‌రేలో కణితి జాడ కనుగొనే పద్ధతిని ప్రకటిస్తే, దానిని అంగీకరించడానికి కుషింగ్ చాలాకాలం వెనుకాడారు. ఇద్దరి వైరం వైద్యలోకానికంతటికీ తెలిసినదే.

ఓటములూ లేకపోలేదు. సైనికాధికారి లియొనార్డ్ వుడ్‌కు 1910లో మెనింజియోమా తొలగించడం ఆయనకు పేరు తెచ్చింది. కణితి తిరిగి పెరిగింది. 1927లో మళ్లీ ఆపరేషన్ చేసినప్పుడు వుడ్ మరణించారు. మెనింజియోమా అన్న పేరు కూడా కుషింగ్ 1922లో పెట్టినదే.

ఆయన వద్ద కొంతకాలం పనిచేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ తరువాత మాంట్రియల్‌లో నాడీవైద్య సంస్థను నెలకొల్పారు. అక్కడ శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వెల్లూరులో భారతదేశపు తొలి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు.

1931 ఏప్రిల్ 15న కుషింగ్ తన 2,000వ నిర్ధారిత మెదడు కణితికి శస్త్రచికిత్స చేశారు. పదవీ విరమణ అనంతరం యేల్‌కు చేరి, 1938లో లూయీజ్ ఐజెన్‌హార్ట్‌తో కలిసి మెనింజియోమాలపై బృహద్గ్రంథం వెలువరించారు. 1939 అక్టోబరు 7న గుండెపోటుతో మరణించారు. మరణానంతర పరీక్షలో ఆయన మెదడులోని మూడవ కుహరంలో సుమారు ఒక సెంటీమీటరు పరిమాణం గల కొల్లాయిడ్ తిత్తి కనిపించింది. ఆయన సేకరించిన మెదడు నమూనాల జాడీలు దశాబ్దాలపాటు యేల్‌లో ఒక విద్యార్థి వసతిగృహం నేలమాళిగలో ఉండిపోయాయి. 2010లో వాటిని శుభ్రపరచి, వైద్య గ్రంథాలయంలో ప్రజల సందర్శనార్థం ఉంచారు.