పీచు విలువ చెప్పిన ఒంటికంటి సర్జన్

మనిషికి రోజుకు ఎంత మలం వస్తుందో తూకం వేయించిన డాక్టరు ఒకాయన ఉన్నారు. నవ్వుకోకండి. క్యాన్సర్ పరిశోధనలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాక, అరవైకి దగ్గరపడ్డ వయసులో ఆయన ఈ పని పెట్టుకున్నారు. పేరు డెనిస్ బర్కిట్.

ఐర్లండ్‌లో ఎన్నిస్కిలెన్ అనే ఊళ్ళో 1911 ఫిబ్రవరి 28న పుట్టారు. తండ్రి ఆ జిల్లా సర్వేయరు, అంటే రోడ్లు, వంతెనలు చూసుకునే ఇంజినీరు. మన లైనే అన్నమాట. ఆ తండ్రికి ఇంకో పిచ్చి ఉండేది. రాబిన్ పిట్టల కాళ్ళకు రింగులు తొడిగి, ఏ పిట్ట ఎంత మేర తిరుగుతుందో మ్యాపు గీసేవారు. కొడుకు జీవితమంతా చేసింది కూడా ఒక రకంగా అదే. ఏ జబ్బు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని మ్యాపు గీయడం.

పదకొండేళ్ళప్పుడు రాయి తగిలి కళ్ళజోడు పగిలి ఒక కన్ను పోయింది. డబ్లిన్‌లో ఇంజినీరింగ్‌లో చేరి, ఏడాదికే వదిలేసి వైద్యంలోకి మారారు. 1935లో డాక్టరయ్యారు, తర్వాత సర్జన్. ఆఫ్రికా వెళ్తానని ప్రభుత్వానికి దరఖాస్తు పెడితే ఒక కన్ను లేదని తిప్పి పంపారు. మెడికల్‌లో అన్‌ఫిట్ అయితే ఎట్లుంటదో మనలో చాలామందికి తెలుసు. ఆయన వదల్లేదు. యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి, 1946లో ఉగాండా చేరారు. మొదట లిరాలో, తర్వాత కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో.

1957లో దవడలు వాచిన ఒక పిల్లవాడిని చూశారు. కొద్ది రోజులకే వేరే ఊళ్ళో అలాంటి పిల్లే. ఈ కణితి ఎక్కడెక్కడ ఉందో తేల్చాలని 1961లో ఇద్దరు డాక్టరు మిత్రులతో పాత ఫోర్డ్ బండి ఎక్కి దక్షిణానికి బయల్దేరారు. పది వారాలు, 10,000 మైళ్ళు, దాదాపు 60 ఆసుపత్రులు. వేడి, వాన ఎక్కువున్న చోటే జబ్బు కనపడింది. దాన్నే ఇవాళ బర్కిట్ లింఫోమా అంటారు. ఆయన పంపిన కణితి ముక్కల్లోనే 1964లో లండన్‌లో ఎప్‌స్టీన్ బృందం ఒక వైరస్‌ని పట్టుకుంది.

ఆ పేరుతోనే బతికేయొచ్చు. కానీ 1966లో ఇంగ్లండ్ తిరిగొచ్చాక క్లీవ్ అనే నౌకాదళ డాక్టరు పరిచయమయ్యారు. తెల్ల పిండి, చక్కెర తిండి వల్లే పాశ్చాత్యులకు ఇన్ని జబ్బులని క్లీవ్ వాదన. బర్కిట్‌కు ఉగాండా గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళు అక్కడ కత్తి పట్టినా పల్లెవాళ్ళలో అపెండిసైటిస్, పిత్తాశయంలో రాళ్ళు, పెద్దపేగు క్యాన్సర్ చాలా అరుదు. ఇంగ్లండ్‌లో వార్డులు నిండేది అవే జబ్బులతో. ఆఫ్రికాలోని మిషన్ ఆసుపత్రులకు నెలనెలా ఉత్తరాలు రాసి, ఏ ఆపరేషన్లు ఎన్ని చేశారో లెక్కలు తెప్పించుకున్నారు. చాలామంది సర్జన్లు వచ్చిన జబ్బునే చూస్తారు. రాని జబ్బుని చూడటం ఈయన ప్రత్యేకత అని నాకనిపిస్తుంది.

తర్వాతే ఆ తూకాలు. వాకర్, పెయింటర్ అనే ఇద్దరితో కలిసి 1972లో లాన్సెట్ పత్రికలో లెక్కలు అచ్చు వేశారు. ఉగాండా పల్లెవాళ్ళకు రోజుకు నాలుగు వందల గ్రాముల పైనే, తిన్నది ఒకటిన్నర రోజులో బయటికి. బ్రిటన్‌వాళ్ళకు వంద గ్రాముల చుట్టూ, అదీ మూడు రోజులకు. తేడా పీచులో ఉందన్నారు. దేశదేశాలు తిరిగి, మలం ఫొటోలు తెరమీద వేసి మరీ ఉపన్యాసాలిచ్చారు. పెద్దమనుషులు ముఖం చిట్లించినా ఆయన ఆపలేదు. 1993 మార్చి 23న, 82 ఏళ్ళకు చనిపోయారు.

ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు. పల్లె ఆఫ్రికాలో పీచొక్కటే కాదు, వయసులు, పని, మాంసం వాడకం అన్నీ వేరే. పైగా ఆయన ఎక్కువగా చూసింది పీచు చీపురులా ఊడ్చే పనినే. అసలు కథలో సగం బ్యాక్టీరియాది. పీచు మనకు అరగదు. అరగకుండా పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారు చేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన తిండి అదే. ఈ ఆమ్లాలు ఆకలి, షుగర్ అదుపులో ఉంచే హార్మోన్లను కూడా కదిలిస్తాయి. 2018లో చైనా పరిశోధకులు షుగర్ రోగులకు పీచు బాగా పెంచి పెడితే, ఈ ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా పెరిగి షుగర్ ఇంకా బాగా తగ్గింది.

2015లో ఇంకో ప్రయోగం అచ్చయింది. అమెరికా పిట్స్‌బర్గ్‌లోని నల్లజాతివాళ్ళు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెవాళ్ళు 20 మంది రెండు వారాలు తిండి మార్చుకున్నారు. అమెరికావాళ్ళకు పీచు 55 గ్రాములకు పెంచారు, ఆఫ్రికావాళ్ళకు 12 గ్రాములకు తగ్గించారు. అమెరికావాళ్ళలో బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది. ఆఫ్రికావాళ్ళలో సగానికి పడింది, పేగులో వాపు గుర్తులు పెరిగాయి. రెండే వారాలు. మనం విమానం దిగి, మెస్‌లో తెల్లన్నం, మైదా ఖుబూస్, పెప్సీకి అలవాటు పడ్డాక ఎన్ని రెండు వారాలు గడిచాయో లెక్కేసుకోండి.

బర్కిట్ మొదట పనిచేసిన లిరా వైపు జనం పాత తిండి రాగులు, కందులు. రాగి పంట పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో. అంటే కడపలో అమ్మ కెలికే సంగటి, ఆయన చూసిన పల్లెల సంకటి చుట్టాలే. కరీంనగర్ జొన్న గటక కూడా ఆ బాపతే.

రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు తినేవాళ్ళలో గుండె జబ్బులు, షుగర్, పెద్దపేగు క్యాన్సర్ తక్కువని 2019లో లాన్సెట్‌లో వచ్చింది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని ఆపొద్దు. పీచు మెల్లగా పెంచండి, ఒక్కసారే తింటే కడుపు ఉబ్బుతుంది. ఎండలో పని కాబట్టి నీళ్ళు బాగా తాగాలి.

మా క్యాంపు మెస్‌లో వారానికి నాలుగు రోజులు శనగలో, అలసందలో పెట్టమని అడిగాం. వంటాయన మొదట్లో గునిసాడు. ఇప్పుడు రాత్రి డ్యూటీ అవగానే ఆయనే నానబోసి పడుకుంటున్నాడు.