భాగ్యరెడ్డి వర్మను ఏ పేరు కింద వెతకాలి?

చరిత్ర ఎంఏలో చేరిన మన పిల్లలు ప్రాజెక్టుకు అంశం ఎంచుకునేటప్పుడు భాగ్యరెడ్డి వర్మ పేరు తప్పకుండా వస్తుంది. ఏటా మే 22న ఆయన జయంతి చేస్తున్నాం, ఫ్లెక్సీ మీద ఫొటో వేస్తున్నాం. రాయడానికి కూర్చుంటే మాత్రం అందరం అవే రెండు పేజీలు తిప్పి తిప్పి రాస్తున్నాం. ఆధారాలు దొరకవన్న మాట జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లి చదువుకునే పిల్లలకు కొత్త కాదు. దొరక్కపోవడానికి ఒక పెద్ద కారణం ఉంది. మనం ఇవాళ్టి పేర్లతో వెతుకుతున్నాం. పాత కాగితాల్లో మనకు ఆ పేర్లు లేవు. కాగితాల్లో మనల్ని ఏమని రాస్తారన్నది ఎంత పెద్ద విషయమో వందేళ్ల కిందటే గుర్తించి, ఆ పేరు మార్పించడానికి పోరాడినవాడు భాగ్యరెడ్డి వర్మ. అందుకే ఆయన జీవితం చదివితే మన చరిత్రను ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

ఆయన 1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు మాదరి, పెట్టిన పేరు భాగయ్య. ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చింది ఇంటి గురువని చెబుతారు. రెడ్డి అంటే ఏలినవాడని, ఈ నేలను మొదట ఏలింది మీవాళ్లేనని ఆ గురువు నమ్మకం. చివరన ఉన్న వర్మ 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. అట్లా ఆయన పేరులోని ఒక్కో ముక్క ఒక్కో దారి చూపిస్తుంది. భాగయ్య అన్నది వాడను, రెడ్డి అన్నది మూలవాసుల వాదాన్ని, వర్మ అన్నది ఆయన మొదట కలిసి నడిచిన సంస్కరణ సంఘాలను గుర్తు చేస్తాయి.

1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. చదువు రాని వాడలకు కరపత్రంతో పని లేదు కనుక హరికథలతో, భజనలతో జనంలోకి వెళ్లారు. 1910లో ఈసామియా బజారులో బడి తెరిచారు. తర్వాత నగరంలో మరిన్ని వాడల్లో బడులు వచ్చాయి. 1911లో మండలి మాన్య సంఘంగా మారింది. తాగుడు మానాలని, బాల్య వివాహాలు ఆపాలని, ఆడపిల్లలను దేవుడి పేరున జోగినులుగా వదిలే ఆచారం పోవాలని ఆ సంఘం పట్టుబట్టింది. ఆయన బుద్ధ జయంతి జరపడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1913లో. అంబేడ్కర్ బౌద్ధం తీసుకోవడానికి నలభై ఏళ్ల ముందటి మాట ఇది.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. పంచములు అన్న మాటకు పురాణాల్లోనూ చరిత్రలోనూ ఆధారం లేదని, ఈ నేలకు తొలి బిడ్డలం మనమేనని ఆయన వాదించారు. ఆ సభ పంచమ పేరు వదిలి ఆది ఆంధ్ర పేరు తీసుకుంది. పరిశోధన చేసే పిల్లలు ఇక్కడ ఆగి చూడాలి. 1917కు ముందు కోస్తా జిల్లాల కాగితాల్లో మన గురించి వెతికితే పంచమ అన్న మాట కింద దొరుకుతుంది. తర్వాత ఆది ఆంధ్ర కింద దొరుకుతుంది. ఒకే వాడ, అవే కుటుంబాలు, ఫైలు మాత్రం వేరు.

నిజాం రాజ్యంలో మాన్య సంఘం 1921లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. సర్కారు కాగితాల్లో మనకు ఢేడ్ లాంటి కులపు తిట్లు, లేదంటే పస్త్ అఖ్వాం, అంటే అణగారిన జాతులు, అన్న ఉర్దూ మాట ఉండేవి. వీటి బదులు ఆది హిందువులని రాయాలని ఆయన సంఘం, తోటి సంఘాలు పట్టుబట్టాయి. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. ఆ ఏటి హైదరాబాద్ సంస్థానం నివేదికలో ఆది హిందువులకు వేరుగా లెక్కలున్నాయి. పోరాడి గెలుచుకున్న పేరు సర్కారు పట్టికలో ఎక్కడం చిన్న విషయం కాదు. ఆ నివేదిక ఇంటర్నెట్‌లో కూడా చదువుకోవచ్చు.

అదే 1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టారు. తర్వాత దాన్ని ఆది హిందూ పేరుతో నడిపారు. ఆయన రాసిన వెట్టి మాదిగ కథ భాగ్యనగర్‌లోనే వచ్చింది. తెలుగులో తొలి దళిత కథల్లో ఒకటిగా ఇవాళ దాన్ని చెప్పుకుంటున్నాం. చాలా దశాబ్దాలు దాని ఊసే లేకపోవడానికి కారణం పత్రిక పాత సంచికలను ఎవరూ తిరగేయకపోవడమే. పాత కట్టలు విప్పినవాళ్ల వల్లే అది మళ్లీ వెలుగులోకి వచ్చింది.

ఆయన్ను విమర్శ లేకుండా చదవడం కూడా సరికాదు. ఆది హిందూ సంఘాల్లో మాలల పెత్తనమే సాగుతోందని మాదిగలు నిలదీశారు, అరుంధతీయ సంఘాలు విడిగా పెట్టుకున్నారు. అరిగె రామస్వామి వేరే దారిలో సంఘం నడిపారు. తర్వాతి తరం యువకులు ఆర్యసమాజంతో, సంస్కరణవాదంతో తెగదెంపులు కావాలన్నారు. ఆ తరానికి చెందిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లిషులో అచ్చువేసిన అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్ పుస్తకంలో ఈ తగాదాలన్నీ ఉన్నాయి. భాగ్యరెడ్డి వర్మ కొడుకు ఎం.బి. గౌతమ్ రాసిన జీవిత చరిత్ర భాగ్యోదయం ఆయన్ను ఇంటివైపు నుంచి చూపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక్కదాన్నే నమ్మితే పొగడ్తో తిట్టో మిగులుతుంది, చరిత్ర మిగలదు.

1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటో ఏట, ఆయన కన్నుమూశారు.

ఇక ఆయన కాలపు కాగితాలు ఎక్కడున్నాయి? నిజాం సర్కారు ఫైళ్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడికి వెళ్లే ముందు డిపార్ట్‌మెంటు నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. పాత తెలుగు పత్రికలు, పుస్తకాల కోసం సుల్తాన్ బజారులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడాలి. కేంద్ర గ్రంథాలయం నిజాం కాలంలో అసఫియా లైబ్రరీ. 1926లో మొదలైన గోలకొండ పత్రిక సంచికల్లో ఆనాటి సభల వార్తలు వెతకొచ్చు.

నిజాం కాగితాల్లో తేదీలు ఫసలీ లెక్కలో ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1931 కోసం 1340, 1341 ఫసలీ చూడాలి. ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. జహీరాబాద్‌లో ఉర్దూ చదివే పెద్దలకు, స్నేహితులకు కొదవ లేదు. దళిత విద్యార్థి, ముస్లిం విద్యార్థి ఒక ఫైలు ముందు కలిసి కూర్చుంటే ఇద్దరి చరిత్రా తెరుచుకుంటుంది.

జహీరాబాద్ పిల్లలు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు నిర్ణా సర్కిల్ తప్ప మిగతా తాలూకాను తెలుగు రాష్ట్రంలో కలిపారు. కాబట్టి భాగ్యరెడ్డి వర్మ కాలంలో మన ఊళ్ల వెట్టి గురించి, ఇనాముల గురించి, మన వాడల గురించి మెదక్ కింద వెతికితే ఏమీ కనబడదు. బీదర్ కింద వెతకాలి. పేరు మారినట్టే జిల్లా కూడా మారింది.

కాగితమే ఆధారమనుకుంటే మన ఆడవాళ్ల చరిత్ర ఎప్పటికీ రాదు. చదువు రాని జనం కోసం భాగ్యరెడ్డి వర్మ హరికథను వాడుకున్నట్టే, మన జహీరాబాద్ పక్కనే మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడిపారు. విత్తనాల గురించి, పనిపాటల గురించి, పండుగల గురించి వాళ్లు మాట్లాడిన మాటలు రేపటి చరిత్రకారులకు ఆర్కైవే. అవ్వలు, తాతలు ఉండగానే వెట్టి రోజుల జ్ఞాపకాలు ఫోన్‌లో రికార్డు చేసి, ఊరు, తేదీ, చెప్పినవారి అనుమతి రాసి పెట్టుకుందాం. సంఘాల పాత కరపత్రాలు, రసీదు పుస్తకాలు, సభల ఫొటోలు పెట్టెల్లో చెదలు పట్టకముందే స్కాన్ చేద్దాం.

జయంతి సభకు పూలదండ తెచ్చే చేతులు ఏడాదికి ఒక్క ఫైలైనా తెరవాలి. వర్మ తన జాతి పేరు సర్కారు పుస్తకంలో రాయించారు. ఆ పుస్తకం తెరిచి, అందులో మన ఊరు ఎక్కడుందో చూసే పని మనకు మిగిల్చారు.