రాజా దీన్ దయాళ్

పెండ్లియింటనో, బడి వార్షికోత్సవమునందో ఛాయాగ్రాహకుడు కెమెరా పట్టి నిలుచుట నేడు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో ఏ పల్లెయందైనను కనబడు దృశ్యమే. ఈ ప్రాంతములు నిజాము రాజ్యములో నుండిన కాలమున ఛాయాచిత్రము సామాన్యులకు అందని వింత. ఆ రాజ్యమున ఈ విద్యకు గౌరవస్థానమును సంపాదించిన కళాకారుడు రాజా దీన్ దయాళ్.

ఆయన 1844వ సంవత్సరమున, మీరట్ సమీపమందలి సర్ధనా అను ఊర, ఒక జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు నగరమున ప్రభుత్వ మరామతు శాఖయందు అంచనాలు వేయుటకును, పటములు గీయుటకును ఉద్యోగిగ చేరెను. ఆ పనిలో కొలత తప్పరాదు. గీత వంకర పోరాదు. ఈ శిక్షణ తరువాతి కాలమున ఆయనకెంతో ఉపకరించెను.

1874 ప్రాంతమున, ముప్పదియేండ్ల వయసున, దీన్ దయాళ్‌కు ఛాయాగ్రహణముపై మనసు పోయెను. అది సులభమైన విద్య కాదు. ఆనాటి పద్ధతిలో గాజుపలకపై మందు పూసి, అది తడియారక మునుపే కెమెరాలో నుంచి, చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో కడుగవలెను. ఊరు విడిచి పోవునపుడు చీకటి గుడారమును, మందు సీసాలను, గాజుపలకలను బండిపై వెంట తీసికొని పోవలసివచ్చెడిది. ఒక్క పలక పగిలినను అంతవరకు పడిన శ్రమ వృథాయగును.

కెమెరాకు కన్ను కటకము. ఈ గాజుబిళ్ల వస్తువునుండి వచ్చు కాంతికిరణములను వంచి, వెనుకనున్న పలకపై తలక్రిందులైన ప్రతిబింబమును నిలుపును. దూరపు వస్తువు యొక్క ప్రతిబింబము స్పష్టముగ ఏర్పడుటకు కటకమునకును పలకకును నడుమ నుండవలసిన దూరమునే నాభ్యంతరమందురు. నాభ్యంతరము తక్కువైన కటకము విశాలమైన దృశ్యమును పలకపై ఇముడ్చును. కాని ప్రతి వస్తువును చిన్నదిగ కనబడును. నాభ్యంతరము ఎక్కువైనచో వస్తువు పెద్దదిగ కనబడును. కాని దృశ్యములో కొంతభాగమే పలకకెక్కును. పలక యొక్క కర్ణమునకు ఇంచుమించు సమానమైన నాభ్యంతరము మధ్యస్థమైనది. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పలకకు కర్ణము సుమారు 13 అంగుళములు. కావున అట్టి కెమెరాకు 12 లేక 13 అంగుళముల కటకము పలువిధములైన పనులకు తగియుండును.

ఆ కాలమున కటకమును కొనదలచిన వాడు తాను చేయదలచిన పనిని ముందుగ నిశ్చయించుకొనవలసి యుండెను. వియన్నాలో పెట్జ్వాల్ అను శాస్త్రజ్ఞుడు 1840లో రూపొందించిన కటకము కాంతిని మిక్కిలిగ గ్రహించును. మనుష్యుల ముఖచిత్రములకు అది శ్రేష్ఠము. కాని అంచులయందు స్పష్టత తగ్గుటచే కట్టడములకు అంతగా పనికిరాదు. ఒంటి కటకముతో తీసినచో అంచుననున్న స్తంభము విల్లువలె వంగి కనబడును. 1866లో ఇంగ్లండునందును, జర్మనీయందును రెండు సమానభాగములను ఎదురెదురుగ అమర్చిన కటకములు వెలువడెను. ఒక భాగపు దోషమును రెండవ భాగము సవరించుటచే నిలువుగీత నిలువుగనే నిలిచెను.

కాంతి ప్రవేశించు ద్వారపు వ్యాసమును సగమునకు తగ్గించినచో నాలుగవవంతు కాంతియే లోపలికి పోవును. అందుచే నాలుగు రెట్ల కాలము పలకపై వెలుగు పడనీయవలెను. కాని దగ్గరి స్తంభమును, దూరపు గోపురమును రెండును స్పష్టముగ చిత్రమునకెక్కును. కట్టడము కదలదు గనుక ఈ ఆలస్యమువలన హాని లేదు. మనిషి అట్లు నిలువలేడు. ఈ తారతమ్యమును ఎరిగినవాడే చేయి తిరిగిన ఛాయాగ్రాహకుడు.

దీన్ దయాళ్ కట్టడములయందును, ముఖచిత్రములయందును సమానమైన నేర్పును సాధించెను. ఇండోరు మహారాజు తుకోజీరావు హోల్కరు ఆయనను ఆదరించెను. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమున సంచరించి, గ్వాలియరు, ఖజురాహో, సాంచీ మున్నగు స్థలములందలి ప్రాచీన కట్టడములను ఆయన చిత్రించెను.

ఇప్పుడాయన ముందొక చిక్కు నిలిచెను. నెలనెలా జీతము తెచ్చు సర్కారు కొలువు ఒకవైపు. రాబడికి నిలుకడ లేని కొత్త వృత్తి మరియొకవైపు. భార్యాబిడ్డల పోషణభారము ఆయనపై నుండెను. అయినను ఆయన మొదట సెలవు పెట్టి, పిదప ఉద్యోగమును వదలి, నమ్మిన కళనే జీవనాధారముగ చేసికొనెను. 1885లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగ నియమించెను. మరుసటి సంవత్సరమున సికింద్రాబాదులో ఆయన చిత్రశాల వెలసెను.

నిజాము రాజప్రాసాదములు, దర్బారులు, వేట శిబిరములు, సైనిక విన్యాసములు ఆయన పలకలకెక్కెను. రాజవైభవమునే కాక, ఔరంగాబాదు ప్రాంతమున కరవు నివారణకై జరిగిన పనులను కూడ ఆయన చిత్రశాల చిత్రించెను. ఘోషాలోనుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరాదు. వారికై 1892లో ఆయన హైదరాబాదునందు ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. ఆచారమునకు భంగము లేకుండ ఆ స్త్రీలు తమ చిత్రములను తీయించుకొనగలిగిరి.

1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదము నొసగెను. 1896లో బొంబాయియందు మరియొక చిత్రశాల ఏర్పడెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాగ్రాహకులలో నొకనిగ గుర్తించెను.

కుమారులు జ్ఞానచందును, ధరమ్‌చందును తండ్రి బాటనే నడచిరి. కాని 1904లో ధరమ్‌చందు మరణించెను. వృద్ధాప్యమున తండ్రికిది తీరని దుఃఖము. మరుసటి సంవత్సరము జూలై 5వ తేదీన దీన్ దయాళ్ కన్నుమూసెను. ఎలగందుల జిల్లా కరీంనగరము జిల్లాగ మారినదియు, ఆదిలాబాదు జిల్లా ఏర్పడినదియు ఆ 1905వ సంవత్సరముననే.

ఆయన చిత్రశాల మూతపడినను పలకలు నశింపలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజుపలకలను సేకరించి భద్రపరచెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగ తపాలాబిళ్లను వెలువరించెను.

నేటి కెమెరాలో గాజుపలక లేదు, తడిమందు లేదు. కటకపు ధర్మము మాత్రము మారలేదు. మొదటి కటకమును కొనబోవు యువకుడు అంగడిలో వెలను విచారించుటకు ముందు తాను దేనిని చూడదలచెనో తెలిసికొనవలెను. దీన్ దయాళ్ ఆ ప్రశ్నకు సమాధానమును ముప్పదియేండ్ల వయసున తెలిసికొని, దానికై స్థిరమైన కొలువునే వదలుకొనెను.