నక్షత్రపు లెక్కలో దిద్దుకున్న తప్పు

ఆర్థర్ ఎడింగ్టన్ అనగానే 1919 సూర్యగ్రహణం గుర్తొస్తుంది. ఆఫ్రికా తీరాన ప్రిన్సిపీ దీవిలో ఫొటోలు తీసి ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలమిచ్చింది ఆయనే. ఈ వారం మేము తలచుకుంటున్నది ఆయన జీవితంలోని మరో సంగతి.

1882లో ఇంగ్లండులోని కెండల్‌లో క్వేకర్ కుటుంబంలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో పోతే తల్లి పెంచింది. 30 ఏళ్లకే కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, ఆయుధం పట్టడానికి తన విశ్వాసం ఒప్పుకోదని చెప్పి నిలబడ్డారు.

ఆయన నక్షత్రాల లోపలి సంగతి లెక్కగట్టారు. పొగమంచు దీపాన్ని అడ్డుకున్నట్టు, నక్షత్రంలోని పదార్థం లోపలి నుండి వచ్చే వెలుగును అడ్డుకుంటుంది. ఈ గుణాన్నే అపారదర్శకత అంటారు. ఏ మూలకం ఎంత పాలు ఉందో దాన్నిబట్టి అది మారుతుంది. నక్షత్రాలు భూమిలాగే ఇనుము వంటి బరువైన మూలకాలతో నిండినవని ఆనాటి పండితులతో పాటు ఆయనా అనుకున్నారు. కాని నక్షత్రాల వెలుగు చూపే విలువకూ, పరమాణు సిద్ధాంతం ఇచ్చే విలువకూ సుమారు పది రెట్లు తేడా వచ్చింది.

ఎడింగ్టన్ ప్రసంగం విని ఖగోళశాస్త్రంలోకి వచ్చిన సిసీలియా పేన్ అనే యువతి, నక్షత్రాల్లో హైడ్రోజనే అత్యధికమని 1925లో హార్వర్డ్‌లో కనుగొన్నది. పెద్దలు నమ్మలేదు. ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమే రాసుకోవలసి వచ్చింది.

1932లో ఎడింగ్టన్ తన లెక్క తిరిగి చేశారు. హైడ్రోజన్ చేరితే కణాల సగటు బరువు తగ్గుతుంది; లోపలి వేడి అంచనా తగ్గుతుంది; వేడి తగ్గిన పదార్థం వెలుగును మరింత అడ్డుకుంటుంది. మూడో వంతు హైడ్రోజన్ ఉందనుకుంటే తేడా తొలగిపోయింది. అదే ఏడాది డెన్మార్క్ శాస్త్రవేత్త స్ట్రామ్‌గ్రెన్ కూడా విడిగా అదే మాట తేల్చారు. సూర్యుడి బరువులో హైడ్రోజన్ నూటికి 70 పాళ్లని నేటి అంచనా.

అయితే 1935లో మన దేశపు యువకుడు చంద్రశేఖర్ నక్షత్రాల అంత్యదశ గురించి చెప్పిన దానిని ఎడింగ్టన్ లండన్ సభలోనే తోసిపుచ్చారు. చంద్రశేఖరే సరైనవారని తర్వాత తేలింది. 1944లో కన్నుమూసేవరకు ఎడింగ్టన్ ఆ మాట మార్చుకోలేదు.

దిద్దుకున్నదీ, దిద్దుకోనిదీ ఒకే మనిషి, భక్తిపరుడే. లెక్క కుదరనప్పుడు మనం కూడికలే మళ్లీ చూస్తాము గాని, మొదట అనుకున్నదాన్ని అనుమానించము. సంఘంలో పెద్ద కుర్చీల్లో కూర్చున్న మేమే ముందుగా ఆ పని చేయాలి. ఒక చిన్నవాడి మాటను తోసేసే ముందు, మనం దేనిని రుజువు లేకుండా నమ్ముతున్నామో అడుగుకుందాం.