చిరుతపులి పొరుగున: జిమ్ కార్బెట్ జీవితం

మానవుడు అడవి అంచున ఊరు కట్టుకొన్న నాటినుండి అడవిమృగం అతనికి పొరుగైనది. ఆ పొరుగుతనం ఒకచోట సామరస్యంగా సాగుతుంది, మరొకచోట వైరంగా పరిణమిస్తుంది. వైరం పుట్టినప్పుడు తప్పంతా మృగానిదే అని తీర్పు చెప్పడం సులభం. తుపాకి చేతబట్టి కూడా అట్టి తీర్పు చెప్పడానికి తొందరపడని వేటగాడు జిమ్ కార్బెట్.

ఆయన 1875వ సంవత్సరం జూలై 25వ తేదీన హిమాలయ సానువులలోని నైనితాల్‌లో జన్మించాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కార్బెట్ పసితనంలోనే తండ్రి గతించగా, పెద్ద కుటుంబం తల్లి రెక్కలపై నిలిచింది. వేసవిలో నైనితాల్, శీతకాలంలో కొండల క్రింది కాలాఢుంగీ ఆ కుటుంబానికి నివాసాలు. కాలాఢుంగీ అడవియే ఆ బాలునికి రెండవ పాఠశాల అయినది. పక్షి కూతను బట్టి, కోతి అరుపును బట్టి, నేలపై పడిన అడుగుజాడను బట్టి ఏ మృగం ఎటు పోయినదో చెప్పగల విద్య ఆయనకు అక్కడే అలవడింది. యౌవనంలో రైల్వే కొలువులో చేరి, గంగాతీరాన మొకామా ఘాట్‌లో సరకుల రవాణా పనిని ఇరువది సంవత్సరాలకు పైగా నిర్వహించాడు. కూలీలతో కలిసిమెలిసి గడిపిన ఆ కాలమే ఆయనకు పేదల కష్టసుఖాలను తెలియజెప్పింది.

కుమావ్ కొండలలో నరభక్షక మృగాలు చెలరేగినప్పుడల్లా ప్రభుత్వం ఆయనకు కబురుపెట్టేది. నాలుగు వందల మందిని బలిగొన్నదని చెప్పబడిన పనార్ చిరుతను ఆయన 1910లో కూల్చాడు. అయితే ఆయన పేరును దేశదేశాలకు చాటినది గఢ్వాల్‌లోని రుద్రప్రయాగ చిరుత.

అలకనందా మందాకినులు కలిసే పుణ్యస్థలం రుద్రప్రయాగ. కేదారనాథ, బదరీనాథ క్షేత్రాలకు పోయే యాత్రికుల బాటలు అక్కడ చీలుతాయి. 1918 మొదలు 1926 వరకు ఆ ప్రాంతంలో ఒకే చిరుత 125 మందిని చంపినట్లు ప్రభుత్వపు లెక్క. ప్రొద్దు గ్రుంకగానే బజారులు మూతపడేవి. తలుపు గడియ వేసి ఇంటిల్లిపాదీ బిక్కుబిక్కుమంటూ తెల్లవారేదాకా గడిపేవారు. మేకలు కాచే ఒక అనాథ బాలుడు రాత్రివేళ నలుబది మేకలతోపాటు ఒకే గదిలో నిద్రించేవాడు. తలుపు తెరచుకొని లోనికి వచ్చిన చిరుత ఒక్క మేకనూ ముట్టక, ఆ బాలుని మాత్రమే ఎత్తుకొనిపోయింది. ఇట్టి సంఘటనలు విన్న ప్రజలు అది మృగం కాదు, దుష్టశక్తి అని నమ్మడంలో వింత ఏమున్నది?

కార్బెట్ ఆ మాట చెప్పిన వారిని పరిహసించలేదు, కారణాన్ని వెదకాడు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతటా లక్షలాది ప్రాణాలను హరించింది. కొండ ఊళ్ళలో శవాన్ని లోయలోని ఏటి ఒడ్డుకు మోసుకొనిపోయి దహనం చేయడం ఆచారం. ఇంటింటా మరణమే అయినప్పుడు మోసేవారెవరు? కట్టెలు తెచ్చేవారెవరు? అందుచేత మృతుని నోట నిప్పుకణిక ఉంచి, శవాన్ని లోయలోకి వదలివేశారు. చిరుతకు కళేబరాలను తినే స్వభావం ఉన్నది. అట్లు మానవమాంసం రుచి మరిగిన చిరుత, మహమ్మారి తగ్గి శవాలు కరవైనంతనే బ్రతికి ఉన్న వారిపై పడింది. పనార్ చిరుత కూడా కలరా వ్యాధి ప్రబలిన తర్వాతనే నరభక్షకి అయినదని ఆయన నిర్ణయించాడు.

1925లో ఆయన రుద్రప్రయాగ చేరాడు. మంచెలపై మేలుకొన్నాడు, బోను, విషం కూడా ప్రయోగించాడు. చిరుత చిక్కలేదు. అలసి వెనుదిరిగి, 1926 వసంతంలో మరల వచ్చాడు. గులాబ్‌రాయ్ అనే చోట యాత్రికుల సత్రం ప్రక్కనున్న మామిడిచెట్టు ఎక్కి, క్రింద మెడలో గంట కట్టిన మేకను ఉంచి, ఎన్నో రాత్రులు కాచుకొన్నాడు. మే 2వ తేదీన, చీకటిలో, ఆ గంట గలగలమన్నది. టార్చిలైటు వెలిగినది, ఒక్క గుండు పేలినది. అంతటితో ఎనిమిదేండ్ల భయానికి ముగింపు వచ్చినది.

ఉదయం చూడగా, అక్కడ పడి ఉన్నది దయ్యమూ కాదు, భూతమూ కాదు. పండ్లు అరిగి, ఒక కోర విరిగి, కాలికి పాత గుండు గాయం గల ముసలి మగ చిరుత. పొడవు ఏడు అడుగుల ఆరు అంగుళాలు. జనం ఆనందంతో పూలు చల్లుతుండగా కార్బెట్ మనస్సున జాలి కలిగింది. ఆకలి తీర్చుకొనుట తప్ప మరొక దోషం ఎరుగని ప్రాణిగానే ఆయన దానిని చూచాడు.

రానురాను ఆయన వినోదపు వేటను నిరసించి, తుపాకికి బదులు సినిమా కెమెరా చేపట్టాడు. 1936లో భారతదేశపు మొదటి జాతీయవనం ఏర్పడడానికి తోడ్పడ్డాడు. కాలాఢుంగీ చెంత తన ఛోటీ హల్ద్వానీ గ్రామం చుట్టూ గోడ కట్టించి, రైతుల పంటలను అడవిజంతువుల నుండి కాపాడాడు. మృగాన్ని చంపకుండ పొరుగుతనం నిలుపుకొనే ఉపాయం ఆ గోడ. 1947లో సోదరి మ్యాగీతో కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశాడు. తర్వాత ఆ జాతీయవనానికి ఆయన పేరే పెట్టారు.

ఇది ఎక్కడి గాథయో అని త్రోసివేయరాదు. 2023 ఆగస్టులో మన తిరుమల నడకదారిలో చిరుత ఒక ఆరేండ్ల బాలికను పొట్టనబెట్టుకొన్నది. పిమ్మట కొన్ని చిరుతలను బోనులలో పట్టారు. యాత్రికులకు చేతికర్రలు ఇచ్చారు. అవి అవసరమే. బిడ్డను కోల్పోయిన తల్లి ముందు మృగం పట్ల జాలిని గూర్చి పలకడానికి ఎవరికీ నోరు రాదు. కార్బెట్ కూడా ముందు తుపాకి ఎత్తి ప్రజలను కాపాడిన తర్వాతనే జాలిపడ్డాడు. కాని ఆయన అంతటితో ఆగలేదు. మృగం ఎందుకు వచ్చినదని అడిగాడు. మనం పారవేసిన ఎంగిలికి కుక్కలు, పందులు చేరుతాయి. వాటి వెంట చిరుత వస్తుంది. మృగాన్ని పట్టి బోనులో పెట్టిన నాడు సగం పని మాత్రమే పూర్తి అవుతుంది. దానిని మన గుమ్మం దాకా రప్పించినది ఏదో తెలిసికొనుట మిగిలిన సగం. అది విద్యావంతుల బాధ్యత.