మానని పుండు – ఖద్దరు వైద్యుడు

చిరకాలము మానని పుండులో సూక్ష్మజీవులు గుంపులుగా స్థిరపడి వాపును తగ్గనీయవు. కొత్త చర్మమును పెరగనీయవు. వాటిపై పోరుకు మందునందించిన మహనీయులలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

1895లో భీమవరమున జన్మించిన ఆయన, సోదరులనిద్దరిని గ్రహణి వ్యాధికి కోల్పోయినారు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు గౌను ధరించినందుకు శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చినది.

1923లో అమెరికా చేరినారు. లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వమున డగ్గర్ మహాశయుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించినారు. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ ఏడే సుబ్బారావు అస్తమించినారు.

ఆ మందుల కుటుంబము చీముపట్టిన పుండ్లకు సైతము ఉపయోగపడినది. పుండును శుభ్రపరచనిదే ఏ మందైనను పూర్తిగా పనిచేయదు; అయినను శస్త్రవైద్యుని అనుగ్రహము దక్కనివాని కృషియే శస్త్రవైద్యులకు ఊతమైనది.